చేపల పేర్ల హోటల్లో నాలుగు రోజులు

మొన్న మా ఆవిడ పాత దుప్పట్లు ఎండలో వేద్దామని అటక మీది పెట్టె దింపించింది. దుప్పట్ల మధ్యలోంచి ఒక తువ్వాలు జారి కింద పడింది. ఒకప్పుడు తెల్లదే, ఇప్పుడు కాస్త పసుపు తిరిగింది. దాని మూల నీలం దారంతో కుట్టిన మూడు అక్షరాలున్నాయి: చందువ. మా ఆవిడ దాన్ని రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుని, దొంగసొత్తు దొరికిన పోలీసులా నా వైపు చూసింది. నేను తేలేదన్నాను. తనూ తేలేదంది. ముప్పై ఏళ్ళకి పైగా బళ్ళో పిల్లలకి నీతులు చెప్పినవాణ్ణి, హోటలు తువ్వాలు ఎత్తుకొచ్చానంటే ఎలా ఒప్పుకుంటాను? కాసేపు ఒకరినొకరు అనుమానించుకున్నాక ఇద్దరికీ నవ్వొచ్చింది. తువ్వాలు తీగ మీద వేసి, దుప్పట్ల సంగతి మరిచిపోయి, పెరట్లో పీటలు వేసుకుని కూర్చున్నాం. ఇక మధ్యాహ్నం వంట దాకా ఆ నాలుగు రోజుల కబుర్లే.

అది నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాది. ఎక్కడికైనా వెళ్దాం అని మా ఆవిడ, అక్కనీ బావనీ కూడా తీసుకెళ్దాం అని నేను. ఇక్కడే చిక్కొచ్చింది. మా బావకి బస్సెక్కితే తల తిరుగుతుంది. రైలెక్కితే నిద్ర పట్టదు. విమానం మాట ఎత్తితే, అంత ఎత్తుకెళ్ళి కిందకి దిగడమే కదా, కిందే ఉంటే పోలేదా అంటాడు. ఆయన పెట్టిన షరతులన్నీ కలిపి చూస్తే మిగిలిన చోటు మా విశాఖపట్నం ఒక్కటే. వాళ్ళుండేది పెందుర్తిలో, మేముండేది సింహాచలం కొండ కింద. ఆటో ఎక్కితే సముద్రం వస్తుంది. అలా మా ఊళ్ళోనే మేం హోటల్లో దిగాలన్న ఆలోచన పుట్టింది. ఈ మాట విని మా తోడల్లుడు ఫోన్లోనే పడీ పడీ నవ్వాడు. సొంత ఊళ్ళో హోటలేటి, ఇంట్లో గొడవలేటైనా అయ్యాయా అని గొంతు తగ్గించి అడిగాడు కూడా. కాని నిజం చెప్పాలంటే, ఈ ఊరివాళ్ళకి సముద్రం చూసే తీరిక చుట్టాలొచ్చినప్పుడే దొరుకుతుంది. వాళ్ళని తీసుకెళ్ళి అలలు చూపించి, ముంతమసాలా కొనిపెట్టి, ఇసక దులుపుకుని వచ్చేస్తాం. చుట్టం పక్కన లేకుండా సముద్రానికి ఎదురుగా గంటసేపు కూర్చున్న రోజు నా అరవై ఏళ్ళలో ఒక్కటీ గుర్తు రాలేదు.

మా బావ గురించి చెప్పాలి. కంచరపాలెంలో రైలు పట్టాల పక్కన ఆయనకి లేత్ మిషను షాపుండేది. ముప్పై అయిదేళ్ళు ఒక పక్క మిషను, ఒక పక్క గూడ్సు బళ్ళు. దానికి తోడు వాళ్ళ వంశంలో మగవాళ్ళకి చెవులు ముందుగా వెళ్ళిపోతాయి. వాళ్ళ నాన్న చివరి రోజుల్లో దీపావళి అయిపోయిందని మర్నాడు చెబితే నమ్మలేదట. మా బావకి కూడా మెల్లిమెల్లిగా వినికిడి తగ్గింది. ఆ సంగతి ఆయనకి తప్ప అందరికీ తెలుసు. ఆయన లెక్కలో తన చెవులు బాగానే ఉన్నాయి, లోకమే గొణగడం మొదలుపెట్టింది. కాఫీ తాగుతావా బావా అంటే, పదకొండింటికొచ్చాను అనేవాడు. ఒక పెళ్ళిలో పురోహితుడు గోత్రం అడిగితే భోజనం అయిపోయిందన్నాడు. గాజువాకలో ఉన్న మా మేనకోడలు తండ్రికి చెవిలో పెట్టుకునే మిషను కొనిచ్చింది. అది పెట్టె కూడా విప్పకుండా వాళ్ళ దేవుడి గూట్లో, సింహాద్రి అప్పన్న పటం పక్కన ఉండేది. ఇదేమిటి బావా, మిషను దేవుడికి పెట్టావా అని నేనడిగితే, ఆ మాట కూడా వినపడనట్టే ఊరుకున్నాడు.

ఆయన వినకపోవడం ఒక ఎత్తయితే, మా అక్క మాట్లాడకపోవడం ఇంకో ఎత్తు. మొదట్లో మా అక్క గట్టిగానే మాట్లాడేది. సొంతిల్లు అమ్మి ఫ్లాటులోకి మారాక, ఒక రోజు వంటింట్లోంచి, మొలల మందు రాసుకున్నారా అని కేకేసిందట. మర్నాడు వాచ్‌మన్ మెట్ల దగ్గర మా బావని ఆపి, మొలలకి మంచి నాటువైద్యుడున్నాడని చెప్పాడు. సాయంత్రానికి మూడో అంతస్తు ఆవిడ మొలలకి మంచిదని ముల్లంగి తీసుకొచ్చింది. ఆ రోజుతో మా అక్క నోటికి తాళం పడింది. అన్నం అంటే చేత్తో నోటి వైపు చూపించేది. ఉప్పు కావాలంటే వేళ్ళు నలిపేది. కరెంటు బిల్లు వస్తే ఆయన ఒళ్ళో పడేసి పైకి ఫ్యాను వైపు చూపించేది. నేను వెళ్ళినప్పుడల్లా ఆ ఇల్లు గ్రంథాలయంలా ఉండేది. ఇద్దరూ మంచివాళ్ళే, ఇద్దరూ ఒకే సోఫాలో కూర్చుంటారు, మధ్యలో మాట మాత్రం లేదు. మా అక్క చిన్నప్పుడు నిద్రలో కూడా మాట్లాడే మనిషి. ఆవిడని అలా చూస్తుంటే నాకు భయం వేసేది. వాళ్ళని సముద్రం దగ్గరికి తీసుకెళ్ళాలనుకోవడానికి అసలు కారణం అదే. అక్కడికెళ్తే ఏం జరుగుతుందో నాకూ తెలీదు. కనీసం గోడలు మారతాయి కదా అనుకున్నాను.

హోటలు భీమిలి రోడ్డులో, ఒక జాలరిపేటని ఆనుకుని ఉంది. దాన్ని రిసార్టు అని బోర్డు మీద రాశారు కాని, ఆ పేరుకి తగ్గదేదీ మాకు కనపడలేదు. రెండంతస్తుల మేడ. చేతికి డబ్బు అందినప్పుడల్లా ఒక గది చొప్పున కట్టారట, అందుకని ఏ రెండు గదులూ ఒక ఎత్తులో లేవు. వరండాలో నడుస్తుంటే ఒక మెట్టు ఎక్కి రెండు దిగాలి. నా పింఛనుకి అందే హోటలు కాబట్టి ఎవరమూ ఫిర్యాదు చేసే ఉద్దేశంతో రాలేదు. యజమానురాలు యాభై దాటిన మనిషి, ఆ పేటలోనే పుట్టిన జాలరి ఇంటి ఆడపడుచు. భర్త పోయాక హోటలంతా ఆవిడే చూసుకునేది. ఆవిడ తమ్ముడు ఇప్పటికీ పడవ మీద వేటకెళ్తాడు. అతను తెచ్చిందే ఆ పూట కూర. గదులకి నంబర్లు లేవు, చేపల పేర్లున్నాయి. పెద్ద గది వంజరం, తరవాతది చందువ, ఆ తరవాత కానాగంత, కవళ్ళు. ఒక్క మంచం పట్టే గది పేరు నెత్తళ్ళు. నంబర్లు ఎందుకు పెట్టలేదని అడిగాను. “అంకెలేటి బాబూ, జైల్లో ఉన్నట్టుంటాది,” అంది.

మేం వెళ్ళింది శనివారం. మా ఆవిడ శనివారాలు అప్పన్న పేరు చెప్పి నీచు ముట్టదు. చందువ అని బోర్డున్న గది ముందు పెట్టె కింద పెట్టి నిలబడిపోయింది. శనివారం పూట చందువలో పడుకోమంటారా అని నన్ను నిలదీసింది. గదిలో చేపేమీ లేదు, పేరే కదా అన్నాను. పేరు చాలదా అంది. యజమానురాలు ఈ గొడవంతా విని, ఒక్క క్షణం ఆలోచించి, లోపలికెళ్ళి నోటు పుస్తకంలోంచి కాయితం చింపి, దాని మీద ‘బీరకాయ’ అని రాసి, అన్నం మెతుకులతో బోర్డు మీద అంటించింది. ఆదివారం పొద్దున్నే తీసేస్తానని మాటిచ్చింది. అలా మొదటి రాత్రి మేం బీరకాయలో పడుకున్నాం. మా అక్కకీ బావకీ పక్కనున్న వంజరం ఇచ్చారు. వాళ్ళకి ఏ పట్టింపూ లేదు.

ఆ హోటల్లో ప్రతి వస్తువుకీ ఒక గుణం ఉండేది. ఉప్పుగాలికి బందులు తుప్పు పట్టి తలుపులు బిగుసుకుపోయేవి. తాళం తీశాక ఒక్క తన్ను తన్నితే గాని తెరుచుకోవు. ఎక్కడపడితే అక్కడ తన్నకూడదు. అందుకని ఒక్కో తలుపు మీద తన్నాల్సిన చోట ఎర్ర రంగుతో పాదం గుర్తు వేసి పెట్టారు. కొత్తగా వచ్చినవాళ్ళు అవి లక్ష్మీపాదాలనుకుని దణ్ణం పెట్టుకునేవారు. కింద మిక్సీ ఆడుతున్నంతసేపూ పైన గీజర్లు పనిచెయ్యవు. పొద్దున ఏడున్నరకి వంటింట్లోంచి, “సట్నీ అయిపోనాది, తానాలు సేసేయండి,” అని కేక వినపడేది. అప్పుడు అన్ని గదుల్లోనూ ఒకేసారి బకెట్ల చప్పుడు మొదలయ్యేది. ఒకసారి మా బాత్రూములోకి చిన్న పీత వచ్చింది. మా ఆవిడ కేక వేస్తే యజమానురాలు వచ్చి, దాన్ని చూసి, అది రోజూ వస్తాదమ్మా, కాసేపుండి పోతాది అని, పాత అద్దెదారు గురించి చెప్పినట్టు చెప్పి వెళ్ళిపోయింది.

ఆవిడ గొంతు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అలల పక్కన పుట్టి పెరిగినవాళ్ళు నెమ్మదిగా మాట్లాడరు, మాట్లాడితే అవతలివాడికి అందదు. ఈవిడ వాళ్ళలో కూడా మొదటి రకం. ఒడ్డున నిలబడి, పడవలో ఉన్న తమ్ముడికి ఏ చేప అమ్మెయ్యాలో, ఏది కూరకి ఉంచాలో చెప్పేది. మొదటి సాయంత్రం మేం నలుగురం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని సముద్రం చూస్తున్నాం. ఆవిడ వచ్చి మా బావ ముందు నిలబడి, “అన్నియ్యా, రాత్రికి సేపల సారు పెట్టీమంటావా, ఏపుడు సేసీమంటావా?” అని అడిగింది. మా అక్క అలవాటుగా చెయ్యెత్తి, గరిటె తిప్పినట్టు సైగ మొదలుపెట్టింది. మా బావ సముద్రం వైపే చూస్తూ, “సారు పెట్టమ్మా, పులుపు తగ్గించు,” అన్నాడు. మా అక్క చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. నేనూ మా ఆవిడా ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఎన్నో ఏళ్ళ తరవాత, అడిగినదానికి మా బావ సరిగ్గా దాని జవాబే చెప్పాడు.

ఇక ఆయన్ని పట్టుకోలేకపోయాం. మర్నాడు పొద్దున్నే జేబులోంచి చిన్న స్క్రూడ్రైవరు తీశాడు. కళ్ళజోడు మరిచిపోతాడు గాని దాన్ని మరిచిపోడు. వంటింట్లోంచి కొబ్బరినూనె అడిగి తెచ్చుకుని, ఒక్కో తలుపు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుని, బందులు విప్పి, గీకి, నూనె రాసి, మళ్ళీ బిగించడం మొదలుపెట్టాడు. యజమానురాలు చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ పక్కన కూర్చునేది. ఆవిడ అడుగుతూ ఉండేది, ఆయన చెబుతూ ఉండేవాడు. షాపు అమ్మిన రోజు మిషనుని ట్రాలీలో ఎక్కిస్తుంటే చూడలేక టీకొట్టు వెనక్కి వెళ్ళిపోయిన సంగతి చెప్పాడు. ఇప్పటికీ కలలో లేత్ తిరుగుతుందని చెప్పాడు. ఫ్లాటులో పగలు తొందరగా తెమలదని చెప్పాడు. ఇవన్నీ వరండా చివర కూర్చున్న మా అక్క చెవిన పడుతూనే ఉన్నాయి. అందులో సగం సంగతులు ఆవిడకే తెలీవు. మధ్యాహ్నం నన్ను పక్కకి పిలిచింది. మొహం ఎర్రగా ఉంది. “ఆవిడ మాట ఇనపడతాది, నా మాట ఇనపడదు. ఇది సెవుడు కాదురా తమ్ముడూ,” అంది. అరవై ఆరేళ్ళ మా అక్క, తన మొగుణ్ణి అన్నియ్యా అని పిలిచే ఆడదాని మీద అసూయ పడుతోందని నాకు అర్థమయ్యేసరికి నవ్వు ఆపుకోవడానికి సముద్రం వైపు తిరగాల్సి వచ్చింది.

కాని మా అక్క ఊరుకునే మనిషి కాదు. సాయంత్రం వంటింట్లోకి వెళ్ళి యజమానురాలినే సూటిగా అడిగేసింది, మా ఆయనకి నీ మాట ఎలా వినపడుతోందని. ఆవిడ నవ్వి, ఇక్కడ గొణిగితే మాటని అల తినేస్తుంది వదినా, బొడ్డు దగ్గర నుంచి తియ్యాలి అని, ఎలా తియ్యాలో చేసి కూడా చూపించిందట. చీకటి పడకముందు నేనూ మా ఆవిడా నడకకి వెళ్ళి వస్తుంటే, దూరంగా నీళ్ళ అంచున ఒక మనిషి ఒంటరిగా నిలబడి సముద్రం మీద కేకలు వేస్తోంది. దగ్గరికెళ్తే మా అక్క. చీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, గ్యాసు కట్టేశారా అని అరుస్తోంది. అల విరిగాక కాసేపాగి, గొళ్ళెం పెట్టారా అని అరిచింది. తరవాత, ముల్లంగి నాకొద్దు అని అరిచింది. మేం కనపడకుండా కొబ్బరిచెట్ల వెనక నుంచి వెళ్ళిపోయాం. సముద్రం అన్నీ విని ఏం జవాబిచ్చిందో గాని, ఆ రాత్రి మా అక్క రెండు ముద్దలు ఎక్కువే తింది.

మూడో రోజు పొద్దున తొమ్మిది గంటల వేళ హోటలు ముందే పెద్దవల లాగుతున్నారు. పడవ మీద వలని దూరంగా వేసి వచ్చాక, దాని రెండు చివర్ల తాళ్ళూ ఒడ్డు మీద ఉంటాయి. ఒక్కో తాడుని పదిహేను ఇరవై మంది వరసగా నిలబడి లాగాలి. యజమానురాలు చీర చెంగు బిగించి మధ్యలో ఉంది. మమ్మల్ని చూసి, ఒక చెయ్యి వెయ్యమని పిలిచింది. మా బావ ఎప్పటినుంచో ఆ పిలుపు కోసమే చూస్తున్నట్టు వెళ్ళి తాడు పట్టుకున్నాడు. ఆయన వెనక మా అక్క పట్టుకుంది. ఆవిడ వెనక నేను. మా ఆవిడ చెప్పులకి కాపలా అని చెప్పి కుర్చీలో ఉండిపోయింది. ఐలెస్సా అంటూ పాట మొదలైంది. తాడు తడిగా, బరువుగా ఉంది. నాలుగు అడుగులు వెనక్కి వేస్తే ఒక అడుగు ముందుకి లాగేస్తోంది.

అప్పుడు మా అక్క మొదలుపెట్టింది. ఎదురుగా ఆయన వీపు ఉంది, మొహం లేదు. బహుశా దానివల్లే తేలికయ్యుంటుంది. నెమ్మదిగా లాగండి, నడుం పట్టేస్తుంది అని అరిచింది. ఆయన తల ఊపాడు. వినపడిందని తెలిశాక ఇక ఆగలేదు. వేడి అన్నంలో చల్ల పోసుకోవద్దని ఎన్నిసార్లు సైగ చెయ్యాలని అడిగింది. కూతురు కొన్న మిషను దేవుడి దగ్గర పెట్టినందుకు ఆ పిల్ల ఎంత బాధపడిందో చెప్పింది. వాచ్‌మన్‌తో మొలల గురించి ముచ్చట్లు పెట్టుకున్నది ఎవరని అడిగింది. దగ్గర్లో ఉన్న జాలర్లు మెల్లిగా పాట తగ్గించారు. ముందున్న ముసలాయన మెడ తిప్పి చూశాడు. మా అక్క పట్టించుకోలేదు. చివరికి, “నాతోటి మాటాడ్డం ఎందుకు మానీసారు?” అని అడిగింది.

మా బావ తాడు వదల్లేదు, వెనక్కి తిరగలేదు. “నువ్వే మానీసావు కదేటి. ఆ ఫోను సంగతి తెలిసిపోనాదేమోననుకున్నాను,” అన్నాడు.

ఆ ఫోను సంగతి ఇక్కడ చెప్పాలి. అప్పటికి ఇరవై ఏళ్ళ కిందట, సెల్‌ఫోన్లు ఇంకా మా ఇళ్ళల్లోకి రాని రోజుల్లో, మా అమ్మ నా దగ్గరుండేది. ఒక రోజు మధ్యాహ్నం ఆవిడకి హఠాత్తుగా బాగులేకపోయింది. ఊపిరి అందకపోతున్నా, మా అక్కని చూడాలంది. అక్క ఇంట్లో ఫోను లేదు. బావ షాపులో ఉంది. షాపుకి చేస్తే ఆయన స్కూటరు మీద వెళ్ళి అక్కని తీసుకొస్తాడని నేనే ఫోను చేశాను. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేశాను. మూడోసారీ ఎవరూ ఎత్తలేదు. చివరికి పక్కింటాయన్ని స్కూటరు మీద పెందుర్తి పంపించాను. మా అక్క వచ్చేసరికి అమ్మ వెళ్ళిపోయి అరగంటయింది. ఆ తరవాత బావ, ఆ రోజు ఫోను పాడైపోయిందని అందరికీ చెప్పాడు. అందరూ సరే అన్నారు. నేను మాత్రం లోపల నమ్మలేదు. షాపు వదిలేసి ఎక్కడో పేకాటకి కూర్చుని ఉంటాడనుకున్నాను. ఆయనతో కలిసి తిన్నాను, తిరిగాను, పండగలు చేసుకున్నాను, కాని ఆ అనుమానం ఇరవై ఏళ్ళూ నా లోపల ఒక మూల కూర్చునే ఉంది.

తాడు లాగుతూనే మా బావ చెప్పాడు. ఆ రోజు షాపులోనే ఉన్నాడు. పడవ ఇంజనుకి షాఫ్టు తీస్తున్నాడు. ఫోను మోగింది. ఆయనకి మూడు బారల దూరంలో మోగింది, వినపడలేదు. పక్క కొట్లో పరుపులు కుట్టే సాయిబుగారు, విశాఖ పాత ఊరినుంచి రోజూ వచ్చే పెద్దాయన, చేస్తున్న పని వదిలేసి వచ్చి, అంతసేపు మోగింది, ఎత్తవేం అని చెబితే అప్పుడు తెలిసింది. ఎవరో షాఫ్టు కోసం తొందరపడుతున్నారనుకుని మళ్ళీ పనిలో పడ్డాడు. సాయంత్రం విషయం తెలిశాక, వినపడలేదని చెప్పడానికి నోరు రాలేదు. పాడైపోయిందన్నాడు. ఒకసారి అన్నాక ఇక అదే అనాల్సి వచ్చింది. “సెవులో మిషను పెట్టుకుంటే అప్పట్నుంచే సెవుడని ఒప్పుకున్నట్టే గదా. నావల్లే మీ అమ్మని సూడలేకపోనావని ఒప్పుకున్నట్టే,” అన్నాడు. ఆయన గొంతు మామూలుగానే ఉంది, చెవిటివాళ్ళ గొంతు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. మెడ మాత్రం కిందకి వంగిపోయింది.

అప్పటికి పాట పూర్తిగా ఆగిపోయింది. మా తాడు మీద ఉన్నవాళ్ళందరూ మాటా పలుకూ లేకుండా లాగుతున్నారు. రెండో తాడువాళ్ళకి ఇక్కడేం జరుగుతోందో తెలీక, చేతులు చూపించి అడుగుతున్నారు. మా అక్క ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. ఇంకా గట్టిగా, సముద్రం మీద నేర్చుకున్న గొంతుతో, నాకు తెలుసు అంది. అమ్మ పోయిన పదకొండో రోజున సాయిబుగారు తన దగ్గరికొచ్చి, ఫోను మోగిందమ్మా, పాపం ఆయనకి వినపడలేదు, కోప్పడకు అని చెప్పి వెళ్ళారని చెప్పింది. మరి ఇన్నేళ్ళూ ఎందుకు అడగలేదని బావ అడిగాడు. ఫోను పాడైందని చెప్పుకోవడమే మీకు బాగుంటుందేమోనని ఊరుకున్నానంది. కోపం రాలేదా అని ఆయన అడిగాడు. దానికి మా అక్క చెప్పిన జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “వచ్చింది. ఓ నెల ఉన్నాది, పోనాది. ఇరవయ్యేళ్ళు కోపం పట్టుకుని కూకోడానికి నాకేటి, వేరే పన్లేదా?”

ముందున్న ముసలి జాలరి తాడు భుజం మీంచి దించకుండానే వెనక్కి తిరిగి, చాలా మర్యాదగా అడిగాడు. “అమ్మా, అయిపోనాదా? పాటెత్తుకోమా?” మా అక్క పమిట చెంగుతో మొహం తుడుచుకుని ఎత్తుకోమంది. ఈసారి ఐలెస్సా అన్నవాళ్ళలో మా బావ గొంతు అందరికన్నా ముందు లేచింది, కొంచెం తాళం తప్పింది. వల ఒడ్డుకి చేరింది. ఇంత గొడవకీ అందులో పడినవి రెండు బుట్టల కవళ్ళు, బోలెడు జెల్లీచేపలు, ఎవరిదో ఒంటి చెప్పు. యజమానురాలు ఆ చెప్పు ఎత్తి పట్టుకుని, ఇది మీలో ఎవరిదేటని మా ఆవిణ్ణి అడిగింది. మా ఆవిడ కాపలాలో ఉన్న చెప్పులన్నీ మరోసారి లెక్కపెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం నేను బావని ఒక్కణ్ణే తీసుకెళ్ళి ఇసకలో కూర్చోబెట్టి, పేకాట అనుమానం సంగతి చెప్పేశాను. గట్టిగానే చెప్పాను, మొదటిసారి వినపడలేదు, రెండోసారి చెప్పాను. క్షమించమని అడగడం ఎంత కష్టమో, అదే మాటని రెండుసార్లు అరవడం ఇంకా కష్టం. ఆయన విని, కాసేపు ఇసకలో గీతలు గీసి, నాకు పేకాట రాదు కదా బావా అన్నాడు. నిజమే, ఆయనకి ఆసు ఏదో జాకీ ఏదో తెలీదు. ఇరవై ఏళ్ళలో ఆ ఒక్క సంగతి నాకు తట్టలేదు.

నాలుగో రోజు బయల్దేరేటప్పటికి హోటల్లో తలుపులన్నీ వేలితో తోస్తే తెరుచుకుంటున్నాయి. యజమానురాలు సంతోషించింది గాని, కొంచెం దిగులుపడింది కూడా. ఎర్ర పాదాలు చూడ్డానికే కొంతమంది వస్తారట. వాటిని చెరపకుండా ఉంచేసింది. మా అక్కని పట్టుకుని, గొంతు తగ్గించీకు వదినా అని చెప్పింది. ఆ వారమే మా బావ దేవుడి గూట్లోంచి మిషను తీయించుకుని పెట్టుకున్నాడు. పెట్టుకున్న పూట, ఇంట్లో ఫ్రిజ్ ఇంత చప్పుడు చేస్తుందని నాకెవరూ చెప్పలేదేం అని అందరితోనూ దెబ్బలాడాడు. ఇప్పుడు తన ఇష్టం వచ్చినప్పుడు పెట్టుకుంటాడు. మా ఆవిడ వాళ్ళింటికెళ్ళి కూర్చుంటే తీసి జేబులో వేసుకుంటాడు. మా అక్క మళ్ళీ నిద్రలో కూడా మాట్లాడుతోందట. మూడో అంతస్తు ఆవిడకి వాళ్ళింటి సంగతులన్నీ తెలుసు, అయినా ఇప్పుడు ఎవరూ ముల్లంగి తేవడం లేదు.

నా మటుకు నేను ఆ రోజు అరచేతుల్లో తాడు కోసిన గీతలు చూసుకుంటూ ఒక సంగతి ఆలోచించాను. ఇప్పటికీ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ నాలుగు మాటలు లోపలే ఉండిపోయింది ఇరవై ఏళ్ళు, బయటికొచ్చి తేలిపోవడానికి పట్టింది ఒక వల ఒడ్డుకి చేరినంత సేపు.